ఇస్తాంబుల్ బజారులో ఒక తాళంచెవి

ఉమ్రా ముగించుకొని స్వదేశానికి తిరిగి వస్తూ మా బృందం మూడు రోజులు ఇస్తాంబుల్ నగరంలో ఆగింది. రాయలసీమలోని రెండు మూడు ఊళ్ళ నుండి బయలుదేరిన ఇరవై ఇద్దరి ప్రయాణం అది. బృందంలో మదరసా చదువు చదివినది మేము ఒక్కరమే. అందువల్ల దారిలో కనిపించిన ప్రతి అరబీ రాతనూ చదివి అర్థం చెప్పే బాధ్యత మాపై పడింది. ఆ బాధ్యత మాలో కొంత అతిశయాన్ని కూడా పెంచిందని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. ఆ అతిశయం ఒక మస్జిద్ సొమ్మును ఏ అంచు వరకు తీసుకుపోయిందో పాఠకులకు విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండవ రోజు ఉదయం తోప్‌కాపీ ప్రాసాదం చూడబోయాము. సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ 15వ శతాబ్దంలో కట్టించిన ఈ ప్రాసాదం దాదాపు నాలుగు వందల సంవత్సరాలు ఉస్మానీ సుల్తానులకు నివాసంగా ఉండి, 1924లో మ్యూజియంగా మారింది. బాబె హుమాయూన్, బాబుస్సలామ్, బాబుస్సఆదా అనే మూడు మహాద్వారాలు దాటితే లోపలి ప్రాంగణం వస్తుంది. పవిత్ర స్మారక వస్తువులను భద్రపరచిన గదులు అక్కడే ఉన్నాయి. అడుగు పెట్టగానే ఖుర్ఆన్ పారాయణం వినిపిస్తుంది. ఖారీలు వంతుల వారీగా కూర్చుని రాత్రింబవళ్ళు పఠిస్తూనే ఉంటారట. అంతవరకు బిగ్గరగా మాట్లాడుకుంటున్న మా వాళ్ళందరూ ఆ స్వరం చెవిన పడగానే తలలు వంచుకొని మౌనంగా నడిచారు.

అక్కడి గాజు బీరువాలలో కాబా గృహపు పాత తాళాలు, తాళంచెవులు ఉన్నాయి. 1517లో సుల్తాన్ సలీం ఈజిప్టును జయించిన పిమ్మట మక్కా షరీఫ్ తన కుమారుని ద్వారా కాబా తాళంచెవులను ఆయనకు పంపాడు. అప్పటి నుండి హరమైన్ సేవ ఉస్మానీలకు దక్కింది. వారు కాబాకు కొత్త తాళాలు చేయించి పంపేవారు. నేటికి మిగిలి ఉన్న పాత కాబా తాళంచెవులలో అత్యధిక భాగం ఈ ప్రాసాదంలోనే ఉన్నాయి. మిగిలినవి లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే. కైరోలోని ఇస్లామీ కళా మ్యూజియంలో మమ్లూక్ సుల్తాన్ షాబాన్ పేరిట హిజ్రీ 765లో చేసిన ఇత్తడి తాళంచెవి ఒకటి ఉంది. దానిపై బంగారం, వెండి పొదిగారు.

ఆ బీరువా ఎదుట నిలబడి మేము మా వాళ్ళకు ఉస్మాన్ బిన్ తల్హా (ర) వృత్తాంతం చెప్పాము. పాఠకులలో చాలామందికి తెలిసినదే అయినా ముందు కథకు అది అవసరం. మక్కా తొలినాళ్ళలో ఒకసారి మహాప్రవక్త (స) కాబాలో ప్రవేశించగోరితే, తాళంచెవి తన వద్దనున్న ఉస్మాన్ అడ్డుకున్నారు. ఒకనాడు ఈ తాళంచెవి నా చేతికి వస్తుంది, నేను కోరినవారికి ఇస్తాను అని ఆయన (స) అప్పుడు చెప్పారని సీరత్ గ్రంథాలు తెలుపుతాయి. హిజ్రీ 8వ ఏట మక్కా విజయం నాడు ఆ తాళంచెవి ఆయన (స) చేతికి వచ్చింది. ఆ గౌరవాన్ని తమ కుటుంబానికి ఇప్పించమని దగ్గరి బంధువులే అడిగారు. అయినా మహాప్రవక్త (స) ఉస్మాన్‌ను పిలిపించి ఆయన చేతికే తిరిగి ఇచ్చారు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఆజ్ఞాపించే సూరె నిసా 58వ ఆయతును ముఫస్సిర్లు ఈ సంఘటనతో ముడిపెట్టి వివరిస్తారు. నేటికీ కాబా తాళంచెవి షైబీ వంశీయుల వద్దనే ఉంది.

ఈ వృత్తాంతాన్ని అందరికన్నా ఎక్కువ చలించి విన్నవారు మా ఊరి మస్జిద్ ముతవల్లీ సాహెబ్. అరవై ఐదేళ్ళ వయసు, బట్టల వ్యాపారం చేసి విరమించుకున్న పెద్దమనిషి. బయలుదేరేటప్పుడు జమాఅత్ వారు ఆయన చేతికి డెబ్భై వేల రూపాయలు చందా పోగుచేసి ఇచ్చారు. తుర్కీ తివాచీ ఒకటి కొని మొదటి సఫ్‌లో పరిపించాలని వారి కోరిక. ఆ సొమ్మును ఆయన నడుముకు కట్టిన సంచీలో దాచుకొని, నిద్రలో కూడా విప్పలేదు.

అస్ర్ వేళకు నురుఉస్మానియా మస్జిద్ చేరి నమాజు చేసుకొన్నాము. దాని ప్రాంగణం దాటితే కపాలీ చార్షీ, అంటే పైకప్పు గల పెద్ద బజారు. ఆ కమానుల కింద వేలాది దుకాణాలు, పదుల కొద్దీ వీధులు. నడిమధ్యన మందమైన గోడలతో బెదెస్తాన్ అనే పురాతన భాగం ఉంది. పాత నగలు, కత్తులు, గడియారాలు, నాణాలు అక్కడ అమ్ముతారు. తివాచీల వైపు వెళ్ళవలసిన ముతవల్లీ సాహెబ్ ఒక దుకాణం ముందు హఠాత్తుగా ఆగిపోయారు. నల్లని మఖ్మల్ గుడ్డపై మూరెడు పొడవు గల ఇత్తడి తాళంచెవి. పిడి అర్ధచంద్రాకారం. కాడ పొడవునా అరబీ అక్షరాలు. సందులలో పచ్చని చిలుము.

దుకాణదారు ఉర్దూ ముక్కలు నాలుగు నేర్చినవాడు. "పురానా, బహుత్ పురానా, కాబా షరీఫ్" అన్నాడు. ముతవల్లీ సాహెబ్ దానిని రెండు చేతులతో ఎత్తి మా చేతిలో పెట్టి, "మౌలానా, మీరు చదవండి. మీరు సరే అంటే సరే" అన్నారు.

మేము చదివాము. ఒక వైపు సుల్తాన్ సలీం ఖాన్ పేరు, 923 అనే హిజ్రీ సంవత్సరం. రెండవ వైపు సరిగ్గా ఉదయం మేము వివరించిన ఆయతే. మా గొంతు వణికింది. హిజ్రీ 923 అంటే 1517. ఉదయం చెప్పిన చరిత్ర అంతా ఆ అంకెతో సరిపోయింది. "ఇది నిజమైనదే కావచ్చు, సాహెబ్" అన్నాము. 'కావచ్చు' అన్న మాట ఆయనకు వినిపించలేదు. నిజం చెప్పాలంటే మేము కూడా దానిని వినిపించేలా పలకలేదు. పదకొండు వందల డాలర్ల నుండి బేరం ఎనిమిది వందలకు దిగింది. మన లెక్కన దాదాపు జమాఅత్ సొమ్మంతా. మిహ్రాబ్ పక్కన గాజు పెట్టెలో దీనిని అమర్చుదామని, తివాచీ కంటే ఇదే మేలని ముతవల్లీ సాహెబ్ సంచీ ముడి విప్పసాగారు.

అప్పుడు వెనుక నుండి మా కళాయి చాచా, "ముతవల్లీ సాహెబ్, ఒక్క నిమిషం. నన్నొకసారి పట్టుకోనివ్వండి" అన్నారు.

ఆయన డెబ్భై ఏళ్ళ వృద్ధులు. పడుచుదనంలో తిత్తి, బొగ్గు, తగరం మోసుకొని ఊరూరా తిరిగి ఇత్తడి పాత్రలకు కళాయి పోసినవారు. స్టీలు పాత్రలు వచ్చాక ఆ వృత్తి ఆగిపోయింది. కుమారులు పంపిన డబ్బుతో ఉమ్రాకు వచ్చారు. ప్రయాణమంతా అందరికన్నా వెనుక నడిచిన మనిషి. మేము కూడా ఆయనతో సలామ్ మించి మాట్లాడినది తక్కువ.

ఆయన తాళంచెవిని చదవలేదు, ఆయనకు చదువు రాదు. చేతి గుడ్డను నీళ్ళతో తడిపి, అక్షరాల సందున ఒక చోట మెల్లగా అద్దారు. గుడ్డకు పచ్చదనం అంటింది. "ఏళ్ళ తరబడి పట్టిన చిలుము లోహంలో కలిసిపోయి ఉంటుంది, తడి గుడ్డకు ఊడి రాదు. మా కళాయి పనిలో నవాసారం వాడతాం కదా, ఆ నీళ్ళు పూసి రెండు రోజులు చెమ్మలో పెడితే ఇత్తడి ఇలాగే పచ్చబడుతుంది" అన్నారు. ఆ పిమ్మట కాడను దీపం వైపు తిప్పి ప్రక్క భాగం చూపారు. వెంట్రుకలాంటి సన్నని గీత ఒకటి కొస నుండి కొస వరకు ఉంది. అది రెండు ముక్కల అచ్చు కలిసిన చోట మిగిలే అతుకు గీత. దానిని ఆకురాయితో రుద్దారు కానీ పూర్తిగా పోలేదు. "అక్షరాలు ఉలితో చెక్కితే అంచు వేలికి గుచ్చుకోవాలి, అడుగున కోసు ఉండాలి. ఇవి మెత్తగా, గుండ్రంగా ఉన్నాయి. కాడతో పాటే పోతపోశారు."

చివరగా ఆయన పళ్ళను చూపారు. తాళంచెవి నిజంగా వాడితే మూడు చోట్ల అరుగుతుందట. తాళంలో తగిలే పళ్ళ అంచులలో, బొటనవేలు అదిమే పిడి దగ్గర, ఉంగరానికి వేలాడదీసే రంధ్రంలో. అది కూడా అన్ని వైపులా సమానంగా కాదు, చేయి తిరిగే వైపే ఎక్కువ. మా చేతిలోని తాళంచెవికి పిడి మీద ఒక గంటు, కాడ మీద ఒక సొట్ట ఉన్నాయి. పళ్ళు మాత్రం నిన్న చేసినంత పదునుగా ఉన్నాయి. "దెబ్బలు తగిలాయి కానీ ఇది ఏ తాళాన్నీ తెరవలేదు, హజ్రత్" అన్నారు చాచా.

మాకు కోపం వచ్చింది. చదువు రాని మనిషి పదిమంది ముందు మా మాటను కాదన్నాడన్న కోపమే అది, దాచుకోవడం ఎందుకు? దానిని నిరూపించుకోవడానికే మేము తాళంచెవిని మళ్ళీ తీసుకొని, ఈసారి ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాము. అక్కడ మా కోపం చల్లారిపోయింది. 'అహ్లిహా' అనే పదంలో ఒక 'హా' అక్షరం లేనే లేదు! మొదటిసారి మేము ఆయతును లోహం మీద చదవలేదు, మా జ్ఞాపకం నుండి చదివాము. కంఠస్థమైన వాక్యం కనబడగానే నాలుక దానంతట అదే పూర్తి చేసింది. పాత రాతలలో చుక్కలు లేకపోవడం వింత కాదు. కాని కాబా గృహం కోసం సుల్తాన్ పేరిట చేయించిన వస్తువుపై దైవవాక్కులో అక్షరమే లోపిస్తే దానిని ఎవరూ అక్కడికి చేరనివ్వరు. అరబీ రాని పనివాడు బొమ్మను చూసి బొమ్మ గీసినట్లు గీసిన రాత అది.

అయినా న్యాయంగా తేల్చుకోవాలని దుకాణదారుని రెండు ప్రశ్నలు అడిగాము. ఇది మీ చేతికి ఎవరి నుండి వచ్చింది? "ఒక పెద్ద కుటుంబం" అన్నాడు, పేరు లేదు, ఊరు లేదు, కాగితం లేదు. దీనిని మేము హిందుస్తాన్‌కు తీసుకుపోవచ్చునా? "నో ప్రాబ్లమ్" అన్నాడు. తుర్కీ చట్టం ప్రకారం పురాతన సాంస్కృతిక వస్తువులను దేశం దాటించడం నేరమని మా బృంద నాయకుడు ఉదయమే హెచ్చరించి ఉన్నాడు. వస్తువు నిజంగా ఐదు వందల ఏళ్ళనాటిదైతే విమానాశ్రయంలో మమ్మల్ని పట్టుకోవాలి. ఏ ఇబ్బందీ లేదంటే అది పాతది కాకూడదు. రెండు మాటలూ ఒకే నోట నిజం కావు. రసీదు మీద వస్తువు వయసు రాసి ఇవ్వమని అడిగితే, అతడు నవ్వి, 'అలంకరణ వస్తువు' అని తుర్కీలో రాసి చూపాడు. అతని కాగితం అతని నోటికన్నా నిజాయితీగా ఉంది.

ముతవల్లీ సాహెబ్ సంచీ ముడి మళ్ళీ బిగించారు. అప్పటికీ ఆయన ముఖంలో ఆశ మిగిలే ఉంది. బెదెస్తాన్ దాటి రెండు వీధులు నడిచేసరికి మరో దుకాణంలో అలాంటిదే తాళంచెవి వేలాడుతూ కనిపించింది. అదే సుల్తాన్ పేరు, అదే సంవత్సరం, అదే చోట లోపించిన 'హా'. పిడి మీద అదే గంటు, కాడ మీద అదే సొట్ట. ఒకే అచ్చు నుండి దిగిన కవలలు. రెండు వస్తువులకు ఐదు వందల ఏళ్ళలో ఒకే చోట ఒకే దెబ్బ తగలదు కదా! ముతవల్లీ సాహెబ్ అక్కడే కమాను కింద అరుగు మీద కూలబడి, "యా అల్లాహ్, మస్జిద్ సొమ్ము!" అన్నారు. చాచా ఆయన పక్కన కూర్చుని నీళ్ళ సీసా అందించారు. మేము నిలబడే ఉన్నాము. కూర్చునే ధైర్యం లేకపోయింది.

ఆ రాత్రి బసలో మాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళుగా విద్యార్థులకు హదీసు పాఠం చెబుతున్నాము. ఒక ఉల్లేఖనం ముందుకు వస్తే మొదట దాని ఇస్నాద్ చూడమంటాము. ఎవరి నుండి ఎవరు విన్నారు, నడుమ గొలుసు ఎక్కడైనా తెగిందా, చెప్పినవారు విశ్వసనీయులేనా అని అడగమంటాము. ఆ తరువాత మత్న్‌ను, అంటే అసలు మాటను పరిశీలించమంటాము. బజారులో మేము ఇస్నాద్ అడగనే లేదు. మత్న్ కూడా సరిగా చదవలేదు. మా మనసుకు నచ్చిన ఆయతు కనిపించింది, అంతే. అబద్ధపు హదీసులు కల్పించినవారు కూడా వినేవారి మనసుకు నచ్చే మాటలనే ఎన్నుకునేవారని మేమే పాఠం చెబుతాము!

మరొక సంఘటన కూడా గుర్తుకు వచ్చింది. మదీనా బజారులో మహాప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. వాన వల్ల తడిసిందని అమ్మేవాడు చెబితే, ఆ తడిసినదానిని అందరికీ కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడిని గట్టిగా మందలించారు. ఈ హదీసును మేము ఎన్నోసార్లు బోధించాము, అమ్మేవారికి హెచ్చరికగానే బోధించాము. రాశిలోనికి చేయి పెట్టి చూడడం అనే సున్నత్ కూడా అందులో ఉందని ఆ రాత్రి గానీ తోచలేదు. ఆ పని మా బృందంలో చాచా ఒక్కరే చేశారు.

ఇంటికి చేరిన తరువాత ఈ విషయమై కొంత చదివాము. 2008లో లండన్‌లోని ఒక పెద్ద వేలంశాలలో, 12వ శతాబ్దపు అబ్బాసీ కాలానిదని చెప్పిన కాబా తాళంచెవి 92 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. పిమ్మట దాని ప్రాచీనతపై సందేహాలు తలెత్తి ఆ అమ్మకం రద్దయింది. ప్రపంచంలోని పెద్ద నిపుణుల నడుమనే అట్లు జరిగిందంటే, మన బోటివారు బజారులో ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించుకోవచ్చు.

మన ఇళ్ళలో కూడా పెట్టెల అడుగున తాతలనాటి బీగాలు, బీగపుచెవులు ఉంటాయి. కొందరు వాటిని కొంటారు, కొందరు అవసరానికి అమ్ముతారు. వారి కోసం చాచా చెప్పిన మాటలు, మేము తెలుసుకున్నవి కలిపి ఇక్కడ ఉంచుతున్నాము. పాత ఇత్తడి వస్తువును చింతపండుతో తోమి మెరిపించకూడదు. దాని వయసుకు సాక్ష్యం ఆ పైపొరే. ఇత్తడి అని చెప్పినదానికి అయస్కాంతం అంటుకుంటే, లోపల ఇనుము ఉండి పైన పూత మాత్రమే ఉందని అర్థం. ఇనుప వస్తువుకు పొడిలా రాలే ఎర్రని తుప్పు అంతటా ఒకే తీరున ఉంటే అనుమానించాలి. పాత తుప్పు సాధారణంగా నల్లగా, గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇవేవీ ఒంటరిగా తుది తీర్పు కావు, అన్నీ కలిపి చూడాలి. వస్తువు ఎవరి నుండి ఎవరికి వచ్చిందో ఇంటి పెద్దలు బ్రతికి ఉండగానే అడిగి కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం సాధారణంగా నూరేళ్ళు దాటిన ఇటువంటి వస్తువులను సొంతంగా విదేశాలకు పంపడం నిషిద్ధం. అమ్మేవారైతే తమకు తెలిసినంతే చెప్పాలి. "మా తాతగారిది, వయసు తెలియదు" అనడంలో చిన్నతనం ఏమీ లేదు. వయసు పెంచి చెప్పి తీసుకున్న ప్రతి రూపాయీ ఆ తడిసిన ధాన్యం వంటిదే.

మూడవ రోజు ముతవల్లీ సాహెబ్ తివాచీ కొన్నారు. కొనే ముందు ఆయన మా వైపు చూడలేదు, చాచా వైపు చూశారు. చాచా దానిని తిరగేసి, వెనుక ముడులు చూసి, "తివాచీ సంగతి నాకు తెలియదు, సాహెబ్. నేసేవాళ్ళను అడగండి" అన్నారు. బృందంలో మగ్గం మీద పని చేసిన సోదరుడు ఒకరు ముందుకు వచ్చి చూసి చెప్పారు.

ఊరు చేరిన మొదటి జుమా నాడు ముతవల్లీ సాహెబ్ లేచి నిలబడి రసీదు చదివి, మిగిలిన నాలుగు వేల రూపాయలను అందరి ఎదుట లెక్కపెట్టి ఖజానాదారుకు అప్పగించారు. తాళంచెవి మాట ఆయన ఎత్తలేదు. మా పరువు కాపాడాలనే ఆయన మౌనంగా ఉన్నారని మాకు అర్థమైంది. అందుచేత మేమే లేచి, జరిగినదంతా దాచకుండా చెప్పాము. చివరి సఫ్‌లో కూర్చున్న చాచా తలవంచుకొని తివాచీ అంచును చేత్తో సరిచేస్తూ ఉన్నారు.